గోల్కొండ, ఓరుగల్లు, రామప్ప: పిల్లలు విసుక్కోకుండా ఎలా చూపించాలి?

మీ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: ఏడేళ్ళ బాబు, పదకొండేళ్ళ పాప, మోకాళ్ళ నొప్పులున్న నాన్నమ్మ. సంక్రాంతి సెలవుల్లో ఒకరోజు గోల్కొండ, ఆ తర్వాత రెండు రోజులు వరంగల్, రామప్ప. కిందటేడు హంపిలో అరగంటకే "ఇంకెంతసేపు?" మొదలైంది, ఫోన్ ఇస్తే తప్ప కదల్లేదు. ఈసారి అలా కాకుండా ఏం చెయ్యాలి?

హంపి తప్పు కాదు, పిల్లల తప్పూ కాదు. మనం జవాబులు ముందు చెప్పేస్తాం. ఎవరు కట్టారు, ఎప్పుడు కట్టారు, ఏ వంశం, ఎన్నేళ్ళు ఏలారు. అడగని ప్రశ్నకి జవాబు వినడం పెద్దవాళ్ళకే కష్టం. పాత కట్టడం ఏదైనా ఎవరికో వచ్చిన చిక్కుకి వాళ్ళు వెతుక్కున్న పరిష్కారం. కొండ మీదికి నీళ్ళు ఎక్కాలి. ఏనుగు వచ్చి తలుపు బద్దలు కొట్టకూడదు. నేల కదిలినా గుడి నిలబడాలి. ముందు ఆ చిక్కు పిల్లల ముందు పెట్టండి. "నువ్వైతే ఏం చేస్తావు?" అని అడిగి రెండు నిమిషాలు నోరు మూసుకోండి (కష్టమైన పని ఇదే). వాళ్ళు ఏదో ఒకటి చెప్పాక, ఆనాటివాళ్ళు ఏం చేశారో చూపించండి. పేర్లు, తేదీలు ఆ తర్వాత చెబితే వాటికి తగులుకునే కొక్కెం దొరుకుతుంది.

ప్రయాణానికి ముందు వారంలో రెండు సాయంత్రాలు కేటాయించండి. రెండూ రామప్ప కోసమే, ఎందుకంటే అక్కడి అసలు విశేషాలు కంటికి కనిపించవు. గుడి శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్ళమీద తేలేంత తేలిక. పునాదేమో ఇసుక నింపిన గొయ్యి మీద ఉంది. ఇంట్లో చెయ్యి పెట్టి చూసినవాడికి అక్కడికెళ్ళాక తల పైకెత్తడానికి ఒక కారణం ఉంటుంది.

మొదటి సాయంత్రం: బకెట్ నిండా నీళ్ళు, ఒక మామూలు ఇటుక ముక్క, కాళ్ళు రుద్దుకునే ప్యూమిస్ రాయి. ఏది మునుగుతుందో ముందు పందెం వేయించండి, తర్వాత వేయండి. షాపుల్లో అదే పేరుతో స్పాంజి ముక్కలు, సిమెంటు దిమ్మలు కూడా అమ్ముతారు, చేతిలోకి తీసుకుని చూసి కొనండి. రాయి పొడిగా ఉండాలి. ముందే నానబెట్టేస్తే రంధ్రాల్లోకి నీళ్ళు చేరి మునిగిపోవచ్చు, ప్రయోగం తిరగబడుతుంది. పాపకి ఒక ప్రశ్న మిగల్చండి: శిఖరం తేలికైతే కింద స్తంభాలకి ఏమిటి లాభం?

రెండో సాయంత్రం: ఒకేలాంటి రెండు వెడల్పు టబ్బులు. ఒకదాంట్లో మూడంగుళాల మందాన ఇసుక పోసి, కొంచెం తడిపి, అరచేత్తో గట్టిగా అదమాలి. రెండోది ఖాళీ. రెండింట్లోనూ ఆరేసి చెక్కదిమ్మలు ఒకదానిమీద ఒకటి పేర్చి, రెండు టబ్బుల్నీ ఒకే బల్లమీద పెట్టి, బల్ల అంచుని పిడికిలితో తట్టండి. నెమ్మదిగా మొదలుపెట్టి జోరు పెంచుకుంటూ పోవాలి. ఇక్కడ చెడేవి రెండు. ఇసుక పొడిగా, వదులుగా ఉంటే తట్టకముందే గోపురం ఒరుగుతుంది. దిమ్మలు పదీ పన్నెండూ పెడితే రెండు చోట్లా కూలుతుంది. మొదటిసారి అనుకున్నట్టు రాకపోయినా కంగారుపడొద్దు. ఇసుకని ఎందుకు అదమాలో వాళ్ళే అడుగుతారు. ఇది పునాది శాస్త్రమంతా కాదు, అదురుని ఇసుక కొంత మింగుతుందన్న ఊహ పట్టుబడితే చాలు.

సంచిలోకి: గీతల్లేని చిన్న నోటుబుక్కులు రెండు, పెన్సిళ్ళు, 5 మీటర్ల టేపు, చిన్న టార్చి, దొరికితే 8 రెట్ల బైనాక్యులర్, ఒక్కొక్కరికి రెండు జతల మందపాటి సాక్సులు. సాక్సులు మర్చిపోతే రామప్ప చెడిపోయినట్టే, ఎందుకో కింద చెప్తాను. సుద్దముక్కలు, మైనపు రంగులు వద్దు. కాగితం పెట్టి శిల్పం మీద రుద్ది అచ్చు తీసే సరదా రక్షిత కట్టడాల దగ్గర పనికిరాదు. పేర్లు చెక్కడం, పాడుచెయ్యడం లాంటివాటికి రెండేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా ఉన్నాయని పాపకి చెప్పండి. ఆ వయసు పిల్లలు ఆ తర్వాత మిమ్మల్నే కాపలా కాస్తారు.

ఫోన్ గురించి. పూర్తిగా లాక్కుంటే రోజంతా గొడవ. ఒక్కొక్కరికీ చోటుకి 12 ఫోటోలు అని లెక్క పెట్టండి. పన్నెండే అనేసరికి తియ్యబోయే ముందు చూస్తారు. వీడియోలు మాత్రం వద్దు. రీల్ మొదలైతే కోట వెనక పరదాగా మిగిలిపోతుంది.

గోల్కొండ

గేటు తొమ్మిదికి తీస్తారు, మీరు ఆ సమయానికే అక్కడుండాలి, కడుపు నిండా టిఫిన్‌తో. పదిహేనేళ్ళ లోపు పిల్లలకి టికెట్ లేదు. లంగర్‌హౌజ్ వైపు నుంచి వస్తే రోడ్డు బయటి ప్రాకారంలోని ఫతే దర్వాజా లోంచే వెళ్తుంది. తలుపుల మీద పొడవాటి ఇనుప మేకులు కనిపిస్తాయి. వాహనాల మధ్య దిగకుండా, కారులోంచే చూపించి ఒక్క ప్రశ్న వేయండి: అంత పెద్ద మేకులు ఎవరి కోసం? ఏనుగు అన్న మాట వాళ్ళ నోటినుంచే రావాలి.

టికెట్ తీసుకుని లోపలి కోట ద్వారమైన బాలాహిసార్ దర్వాజా దగ్గరికి వచ్చాక, తలుపుకి ఎదురుగా అడ్డంగా ఒక గోడ ఉంటుంది. చాలామంది దాన్ని చూడకుండానే చుట్టుతిరిగి లోపలికి పోతారు. బాబుని అక్కడ ఆపండి. "నువ్వు ఏనుగువి. తలుపు గుద్దాలంటే వెనక్కి వెళ్ళి పరిగెత్తుకు రావాలి. ఎన్ని అడుగుల చోటుంది?" వాడు ఆ గోడకీ తలుపుకీ మధ్య అడుగులు లెక్కపెడతాడు, రెండుసార్లు గుద్దే ప్రయత్నం చేస్తాడు, చోటు చాలదని తేల్చేస్తాడు. ఏడేళ్ళవాడికి కోట కట్టడం గురించి ఇంతకు మించిన పాఠం లేదు. లోపలికి వెళ్ళేముందు ద్వారం పైన సింహాలు, నెమళ్ళు ఎన్నున్నాయో వెతకమనండి.

తర్వాత చప్పట్లు. ద్వారం దాటగానే ఉన్న గుమ్మటం కింద కొట్టిన చప్పట్లు పైన బాలాహిసార్ మంటపం దగ్గర వినిపిస్తాయని అందరూ చెప్తారు, అందరూ కొడతారు, పైకెళ్ళి ఎవరూ వినరు. ఇక్కడ మీ నాన్నమ్మగారు కీలకం. ఆవిడ మెట్లెక్కనక్కర్లేదు, గుమ్మటం దగ్గరే నీడలో కూర్చుంటారు. ముందే అనుకున్న టైముకి, ఉదాహరణకి 10:15కి, ఆవిడకి నచ్చిన లెక్కలో చప్పట్లు కొట్టాలి: రెండు, కాస్త ఆగి మూడు, మళ్ళీ ఆగి ఒకటి. లెక్క పిల్లలకి చెప్పకూడదు. పైన వాళ్ళు విన్నది నోటుబుక్కులో రాసుకుని, కిందికొచ్చి ఆవిడతో సరిచూసుకోవాలి. లెక్క లేకుండా ఊరికే కొడితే పదిమంది చప్పట్లలో ఆవిడవి ఏవో తెలియవు. పదకొండు దాటితే గుంపు వల్ల అసలు తేలదు. ఫోన్‌లో మాట్లాడుకుంటూ చెయ్యొద్దు, చప్పుడు ఫోన్‌లోంచి వచ్చిందో గాలిలోంచి వచ్చిందో తెలియదు. విన్నాక అడగాల్సింది: ఇది ఎవరికి పనికొచ్చి ఉంటుంది?

పైకెక్కడానికి 360 మెట్ల పైచిలుకు ఉన్నాయి. కొండ ఎత్తు 120 మీటర్లు. మెట్లు లెక్కపెట్టించడం మొదట్లో బాగుంటుంది, వంద దాటాక ఏడుపుకి దారి తీస్తుంది. దానికి బదులు గోడల్లో విరిగిన మట్టి గొట్టాలు వెతికించండి. ఇక్కడ పాపకి ఒక ఊహ లెక్క ఇవ్వండి: పైన వెయ్యిమంది ఉన్నారు, మనిషికి రోజుకి 10 లీటర్లు కావాలి. ఒక మనిషి ఒక విడతకి 20 లీటర్లు మోస్తాడు. రోజుకి ఎన్ని విడతలు? ఐదువందలు. అప్పటికే తన చేతిలోని లీటరు సీసా బరువనిపిస్తున్న పిల్లకి ఆ అంకె తగలాల్సిన చోట తగులుతుంది. అప్పుడు చెప్పండి: మధ్యమధ్యలో తొట్లు కట్టి, ఒక తొట్టి నుంచి పై తొట్టికి చక్రాలతో నీళ్ళు తోడి, మట్టి గొట్టాల్లో మళ్ళించేవాళ్ళు.

రామదాసు బందిఖానా దగ్గర టార్చి తీయండి. కంచర్ల గోపన్న, భద్రాచలం తహసీల్దారు, తానీషా కాలంలో ఇక్కడే ఖైదులో ఉన్నాడు. గోడమీది రాముడు, సీత, లక్ష్మణుడు, హనుమంతుడి బొమ్మలు ఆయనే చెక్కాడని అంటారు. లోపలికెళ్ళి పది సెకన్లు మాట్లాడకుండా నిలబడమని, వెలుతురు ఎక్కడినుంచి వస్తోందో చెప్పమని అడగండి. నాన్నమ్మగారికి రామదాసు కీర్తన ఒకటి వచ్చి ఉంటే ముందురోజు రాత్రి పాడించుకోండి.

పై మంటపం నుంచి కుతుబ్‌షాహీ సమాధుల గుమ్మటాలు కనిపిస్తాయి. చివరి చిక్కు అక్కడ వేయండి: నువ్వు ఔరంగజేబువి, ఈ కోటలోకి ఎలా వస్తావు? ఫిరంగులంటారు, నిచ్చెనలంటారు, సొరంగమంటారు. ఎనిమిది నెలల ముట్టడి తర్వాత 1687లో కోట పడింది గోడ కూలి కాదు, లోపలి అధికారి అబ్దుల్లా ఖాన్ పణీ లంచం తిని తలుపు తీయడం వల్ల. ఫతే అంటే గెలుపు, పొద్దున దాటొచ్చిన దర్వాజాకి ఆ పేరొచ్చింది అప్పుడే. ఇంత కట్టుదిట్టం చూశాక ఈ మాట వింటే పిల్లలకి నిజంగా కోపం వస్తుంది. రానివ్వండి.

పన్నెండుకల్లా బయటపడండి. దిగేటప్పుడు కనిపించేదంతా చూపించాలన్న ఆశ వదులుకోండి. సమాధులు అదేరోజు చూడాలంటే మధ్యాహ్నం ఇంట్లో పడుకుని నాలుగింటికి వెళ్ళండి, బాగుచేసిన బడీ బావోలి (పెద్ద మెట్లబావి) ఒక్కటి చూపించినా చాలు. వజ్రాల గని ఎక్కడుందని బాబు అడిగితే కోట కింద ఏ గనీ లేదని చెప్పండి. వజ్రాలు కృష్ణ ఒడ్డున కొల్లూరు లాంటి చోట్ల దొరికేవి, గోల్కొండ వాటికి సంత.

ఓరుగల్లు

వరంగల్‌లో ఖిలా, వేయిస్తంభాల గుడి రెండూ ఒకే పూటలో అవుతాయి. వేయిస్తంభాల గుడికి ముప్పావుగంట చాలు. 1163 నాటిది, మూడు గర్భగుళ్ళు. స్తంభాలు వెయ్యి ఉన్నాయా లేవా అని లెక్కపెట్టించకండి, అదొక ఊబి. ఒకే స్తంభం ఎంచుకుని అది గుండ్రంగా, పలకలుగా ఎన్నిసార్లు మారిందో బొమ్మ వేయించండి.

ఖిలాకి బయల్దేరేముందు తెలంగాణ రాజముద్ర బొమ్మ ఒకటి చూపించండి. అందులోని తోరణాన్ని వాళ్ళే గుర్తుపట్టాలి. నాలుగు దిక్కులా నాలుగు కీర్తితోరణాలు నిలబడి ఉన్నాయి, మధ్యలో ఉండాల్సిన స్వయంభూ శివాలయం లేదు. ముక్కలు నేలమీద పరిచి ఉంటాయి. ఇక్కడి చిక్కు తిరగేసి ఉంటుంది: ఈ ముక్కలు చూసి గుడి ఎలా ఉండేదో చెప్పగలవా? స్తంభం ముక్క ఏది, పైకప్పు ముక్క ఏది, గడప ఏది? బాబు హంసలు, ఏనుగులు, తామరలు వెతికి లెక్క రాస్తే చాలు.

పాప చేత తోరణం ఎత్తు కొలిపించండి, తాకకుండా. పొద్దున తొమ్మిది, తొమ్మిదిన్నర మధ్య ఎండలో పాపని నిటారుగా నిలబెట్టి తన నీడ కొలవాలి. వెంటనే తోరణం పైదూలం నీడ తోరణం పాదం నుంచి ఎంత దూరంలో పడిందో కొలవాలి. పాప ఎత్తు 140 సెం.మీ., నీడ 224 సెం.మీ., తోరణం నీడ 16 మీటర్లు అనుకుందాం. 16 ని 140 తో గుణించి 224 తో భాగిస్తే 10 మీటర్లు. (ఇవి లెక్క చూపడానికి వేసిన అంకెలు, అసలు కొలత మీరు తెచ్చుకోవాలి.) రెండు కొలతల మధ్య పావుగంట గడిస్తే నీడ మారిపోతుంది. నీడ రాళ్ళ కుప్ప మీద పడితే కొలత తప్పుతుంది, చదునుగా పడిన తోరణం ఎంచుకోండి. మిట్టమధ్యాహ్నం నీడ పొట్టిది, చిన్న పొరపాటు కూడా ఎత్తులో పెద్దదవుతుంది.

రాతికోట ద్వారాలు తిన్నగా ఉండవు, లోపలికి రావాలంటే మలుపు తిరగాలి. ఎందుకో గోల్కొండ ఎదురుగోడ చూసిన పిల్లలు తామే చెప్తారు. పరిగెత్తించి చూపించాలనిపిస్తుంది గానీ ఆ ద్వారాల్లోంచి ఆటోలు, బైకులు తిరుగుతుంటాయి, కోట లోపల జనం కాపురముంటున్నారు. నడిచే చూపించండి. రాతికోట బయట మట్టికోట కట్టను తప్పకుండా ఆగి చూపించాలి, పొదలు పెరిగిన దిబ్బ అనుకుని అందరూ దాటిపోతారు. రాయి ఉండగా మట్టి ఎందుకు? 1310లో ఢిల్లీ సుల్తాను సేనాని మాలిక్ కాఫూర్ చేసిన ముట్టడి గురించి రాసిన ఢిల్లీ కవి అమీర్ ఖుస్రో, ఈ మట్టిగోడకి తగిలిన రాతిగుండు పిల్లలు ఆడుకునే కాయలా వెనక్కి ఎగిరొచ్చేదని వర్ణించాడు. కవి మాటల్లో అతిశయం ఉన్నా అసలు సంగతి అర్థమవుతుంది. ఇంటి దగ్గర చేసిన ఇసుక ప్రయోగం ఇక్కడ గుర్తుచేయండి. గణపతిదేవుడు మొదలుపెట్టిన కోట రుద్రమదేవి కాలంలో పూర్తయింది. శాసనాల్లో ఆమెని రుద్రదేవ మహారాజు అని మగపేరుతో రాశారు. ఎందుకలా రాసి ఉంటారని పాపని అడగండి, జవాబు మీరు చెప్పకండి.

రామప్ప

వరంగల్ నుంచి 70 కిలోమీటర్లు, ములుగు మీదుగా. చెప్పులు బయట వదలాలి. గుడి ఎత్తైన నక్షత్రాకారపు అరుగు మీద ఉంది, పదిన్నర దాటితే జనవరిలో కూడా ఆ రాయి కాలుతుంది. పిల్లలు కాళ్ళెత్తుకుని గంతులేస్తుంటే శిల్పాలు ఏం చూస్తారు? అందుకే సాక్సులు. ఒక జత మాసిపోతే రెండోది కారులో ఉంటుంది.

ముందు మెడ పైకెత్తే పని. చూరు కింద పన్నెండు మదనికలు (స్త్రీల శిల్పాలు), నల్లరాతితో, ఇద్దరు పిల్లలూ బైనాక్యులర్ వంతులేసుకోవాలి. అందులో ఒకామె ఎత్తుమడమల చెప్పుల్లాంటివి వేసుకుని ఉంటుంది, ఎవరు ముందు పడతారో చూడండి. ఆ వేట పావుగంట నడుస్తుంది. కింది వరసలో గోడ చుట్టూ ఏనుగులు. పక్కపక్కనున్న రెండింటిని ఎంచుకుని మధ్య ఐదు తేడాలు రాయమంటే బాబు నేలమీద చతికిలబడిపోతాడు. నంది ముందు ముగ్గురు మూడు చోట్ల నిలబడి ఎవరిని చూస్తోందో చెప్పాలి. అందరూ "నన్నే" అంటారు.

మంటపంలో నేల కొన్నిచోట్ల ఎగుడుదిగుడుగా ఉంటుంది, పాదంతో పట్టుకోమనండి. ఇసుక టబ్బు మాట అప్పుడు తీయండి: నేల కుంగింది, గుడి నిలబడింది. శిఖరం ఇటుకలు బయటినుంచి చూడాల్సిందే. నీళ్ళలో వేసి చూపిస్తామని ఎవరైనా ముక్క తెస్తే తీసుకోకండి. మీటితే స్వరం పలికే శిల్పం ఉందని గైడ్లు చెప్తారు, మీటించకండి. 800 ఏళ్ళుగా వేళ్ళు తగిలిన చోట రాయి అరుగుతుంది.

శాసనం 1213 నాటిది, గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడని చెప్తుంది. దానిలో ఇప్పటి తెలుగు అక్షరాల్లాంటివి నాలుగు పట్టుకోమనండి. గుడి కట్టడానికి నలభై ఏళ్ళు పట్టిందని, శిల్పి పేరు రామప్ప అని ప్రతీతి. నోటుబుక్కులో రెండు గళ్ళు గీసి, రాతిమీదో రికార్డులోనో ఉన్నది ఒకదాంట్లో, నోటిమాటగా వచ్చింది రెండోదాంట్లో రాయిస్తే మూడు చోట్లా పనికొస్తుంది. గోల్కొండ నుంచి చార్మినార్‌కి సొరంగం రెండో గడిలోకి, 2021లో యునెస్కో గుర్తింపు మొదటిదాంట్లోకి.

తర్వాత చెరువుకట్ట మీదికి. ఇది కూడా కాకతీయుల కాలపు చెరువే. తూము ఎక్కడ, మత్తడి ఎక్కడ, వాన ఎక్కువైతే నీళ్ళు ఎటు పోవాలి? అరగంట గాలి తగలనివ్వండి, ఇక్కడ పాఠం చెప్పొద్దు.

గైడ్‌ని పెట్టుకుంటే బేరానికి ముందే మూడు మాటలు చెప్పండి: నాలుగు చోట్లే ఆగుదాం, పిల్లలవైపు తిరిగి చెప్పండి, కథైతే కథ అనే చెప్పండి. ఒప్పుకోనివాళ్ళు మీకు పనికిరారు. ఒక్కో మజిలీకి ఏడేళ్ళవాడికి ఇరవై నిమిషాలు హద్దు. ఆగిన ప్రతిచోటా ఏదో ఒకటి తినడానికి ఉంటే ఆ హద్దు కాస్త జరుగుతుంది. విదేశాల నుంచి సెలవులకి వచ్చే బంధువుల పిల్లలు కూడా కలుస్తుంటే, దిగిన మూడో రోజుకి ముందు గోల్కొండ పెట్టుకోకండి, నిద్ర తీరని పిల్లలకి ఏ కోటైనా ఒకటే.

ఇక గోల్కొండ తర్వాతి రెండు రోజుల వరస. మొదటిరోజు హైదరాబాద్ నుంచి పొద్దున ఆరింటికి బయల్దేరితే తోరణాల నీడ కొలిచే వేళకి ఖిలాలో ఉంటారు, రాత్రి హనుమకొండలో బస. రెండోరోజు ఆరున్నరకి కదిలి ఎనిమిదిన్నరకల్లా రామప్ప, మధ్యాహ్న భోజనం అయ్యాక నేరుగా ఇంటికి. సరి సంవత్సరమైతే మాత్రం జాగ్రత్త: మేడారం జాతర ఏడాది అది. సంక్రాంతి నాటికే ముందస్తు మొక్కుల జనంతో ములుగు రోడ్డు నిండిపోతుంది. సెలవుల్లో ఆదివారం, బుధవారం వదిలేసి మధ్యలో మరో రోజు చూసుకోండి, ఇంకో గంట ముందే బయల్దేరండి.